మన హైదరాబాదు సిపాయి: మేజర్ ఆబిద్ హసన్ సఫ్రానీ

జై హింద్ అనే మాట పలకని భారతీయుడు ఉండడు. స్కూలు ప్రార్థనలో పిల్లలు, పరేడ్‌లో జవాన్లు, సభ చివర నాయకులు అందరూ ఆ మాటే అంటారు. ఆ సలాం మన హైదరాబాదు బిడ్డ ఇచ్చినదేనని మాత్రం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన పూర్తి పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911లో హైదరాబాదులో పుట్టారు. వాలిదా ఫఖ్రుల్ హాజియా బేగం గాంధీగారి మీద ఎంతో అభిమానం గల తల్లి. అన్నగారు బద్రుల్ హసన్ కూడా స్వదేశీ ఉద్యమంలో పనిచేసినవారే. అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రవాడు ఊరికే ఉంటాడా? చదువు ఆపి శాసనోల్లంఘనంలో దిగారు, జైలుకు కూడా వెళ్లారు. ఆ తర్వాత ఇంజనీరింగు చదువు కోసం జర్మనీ ప్రయాణం కట్టారు.

అక్కడ ఉండగా యుద్ధం వచ్చింది. 1941లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ బ్రిటిషు వారి కళ్లు కప్పి బెర్లిన్ చేరారు. ఆయన్ని కలిశాక ఆబిద్ సాహెబ్ చదువు మాట మరిచిపోయారు, నేతాజీకి సెక్రటరీ అయ్యారు. అక్కడి భారతీయ సైనికుల్లో హిందువులు, ముస్లింలు, సిక్కులు అందరూ ఉండేవారు. ఎవరి సలాం వారిది. ఒకరు రామ్ రామ్ అంటే ఇంకొకరు సలాం అలైకుం, మరొకరు సత్ శ్రీ అకాల్. ఒకే ఫౌజుకు ఒకే పలకరింపు ఉండాలని నేతాజీ కోరిక. జై హింద్ అనే ఆ చిన్న మాటను తట్టించినది ఆబిద్ సాహెబే అని చాలామంది చరిత్రకారులు రాశారు. 1947 నవంబరులో వచ్చిన స్వతంత్ర భారతపు తొలి తపాలా బిళ్ల మీద కూడా ఆ మాటే అచ్చయింది.

ఇక సఫ్రానీ అనే పేరు సంగతి. జెండా రంగుల మీద ఫౌజులో వాదన వచ్చింది. కొందరు కాషాయం కావాలన్నారు, కొందరు ఆకుపచ్చ కావాలన్నారు. చివరికి హిందూ సోదరులు తమ పట్టు వదులుకున్నారట. వాళ్ల పెద్దమనసు చూసి ఈయన మనసు కరిగింది. వాళ్లు వదులుకున్న ఆ కాషాయాన్ని, అంటే జాఫ్రాన్ రంగును, తన పేరులోనే కలుపుకున్నారు. చనిపోయేదాకా ఆ పేరు వదలలేదు. ఇలాంటి జవాబు ఎంతమంది ఇవ్వగలరు చెప్పండి!

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మనీలోని కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో బయలుదేరినప్పుడు వెంట వెళ్లిన ఒకే ఒక భారతీయుడు ఆబిద్ సాహెబ్. ఆ ఇరుకులో, డీజిల్ వాసనలో రెండు నెలలకు పైగా గడిపారు. ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర ఎగసిపడే సముద్రంలో రబ్బరు తెప్ప మీద ఇద్దరూ జపాను జలాంతర్గామికి మారారు. మే నెలలో సుమత్రా దగ్గరి సబాంగ్‌లో నేల మీద కాలు పెట్టారు.

ఆయన మిలటరీ స్కూల్లో తాలీం పొందిన మనిషి కాదు. అయినా ఆజాద్ హింద్ ఫౌజ్‌లో మేజర్ అయ్యారు. ఠాగూర్ జనగణమన ఆధారంగా ఫౌజు కోసం హిందుస్తానీలో తయారైన కౌమీ గీతం రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. 1944లో ఇంఫాల్ పోరులో సిపాయిలతో పాటు నడిచారు. వెనక్కి తిరిగిన దారి మరీ కష్టం. కుండపోత వాన, మలేరియా, తిండి లేదు. ఎందరో దారిలోనే ప్రాణాలు వదిలారు. తర్వాత రోజుల్లో ఆ సంగతులు రాసినప్పుడు ఆయన తన గొప్ప చెప్పుకోలేదు. ఏ ఊరివాడు, ఏ మతంవాడు అని చూడకుండా ఒకరికొకరు ఆసరాగా నిలిచిన సిపాయిల గురించే రాశారు.

1945 ఆగస్టులో నేతాజీ చివరి ప్రయాణంలోనూ సైగాన్ దాకా వెంట ఉన్నారు. అక్కడ విమానంలో ఇంకొక్కరికే చోటు దొరికింది. హబీబుర్ రహ్మాన్ ఎక్కారు, ఈయన ఉండిపోయారు. తర్వాత ఖైదు. విడుదలై హైదరాబాదు వచ్చారు.

1948లో భారత విదేశాంగ సర్వీసులో చేరి చాలా దేశాల్లో పనిచేశారు. డెన్మార్కులో రాయబారిగా ఉండి 1969లో రిటైరయ్యారు. పెద్ద హోదా చూసిన ఆ మనిషి తిరిగి మన ఊరే వచ్చి, నగరం వెలుపల పొలం చూసుకుంటూ నిరాడంబరంగా బతికారు. 1984 ఏప్రిల్ 5న ఇంతెకాల్ అయ్యారు. ఆయన అన్న కూతురు, చేనేతలో పేరు పొందిన మర్హూమా సురయ్యా హసన్ బోస్ ఆయన పేరు మీద సఫ్రానీ మెమోరియల్ స్కూలు నడిపారు. ఆమె భర్త నేతాజీ అన్న కొడుకు. జలాంతర్గామిలో కలిసిన స్నేహం చుట్టరికం కూడా అయింది.

మన దేశభక్తి గురించి ఎవరైనా ప్రశ్నిస్తే పిల్లలు తలవంచుకోనక్కరలేదు, కోపం తెచ్చుకోనూ అక్కరలేదు. ఈ ఒక్క జీవితం చెబితే చాలు. కానీ చెప్పాలంటే ముందు మనకు తెలిసి ఉండాలి. తల్లిదండ్రులు ఈ పేరు ఇంట్లో పిల్లలకు నేర్పాలని నా మనవి. మర్హూం ఆబిద్ హసన్ సఫ్రానీ సాహెబ్‌కు అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.