చరిత్ర లేదన్న జాతికి చరిత్ర కూర్చిన గురువు

ఒక జాతి బాలురు ఏండ్ల తరబడి బడికి పోయియు, తమ పూర్వులను గూర్చి ఒక్క మంచిమాటయైన వినకుండ వెలువడినచో, ఆ చదువు వారికి నేర్పినదేమి? ఈ ప్రశ్నకు సమాధానముగా తన జీవితమునంతయు వెచ్చించినవాడు అమెరికాలోని నల్లజాతి విద్వాంసుడు కార్టర్ వుడ్సన్.

ఒకప్పుడు బానిసలైయుండిన దంపతులకు 1875లో వర్జీనియా రాష్ట్రమున అతడు జన్మించెను. పేదరికమువలన వెస్ట్ వర్జీనియా బొగ్గుగనులలో పనిచేసి, ఇరువదవయేట గాని ఉన్నత పాఠశాలలో అడుగిడలేకపోయెను. నాలుగేండ్ల చదువును రెండేండ్లలోపుననే ముగించెను. ఫిలిప్పీన్సు దీవులలో కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చరిత్రలో డాక్టరు పట్టము నందెను. నల్లజాతికి చెప్పుకొనదగిన చరిత్రయే లేదను భావము పండితులలో సైతము వేరూనియుండుట చూచెను.

ఆ భావమును ఆధారములతో ఖండింపనెంచి, 1915లో షికాగోలో నల్లవారి చరిత్ర పరిశోధన సంఘమును స్థాపించెను. మరుసటి యేట చరిత్ర పత్రికను వెలువరించెను. 1926 ఫిబ్రవరిలో, అబ్రహాం లింకను, ఫ్రెడరిక్ డగ్లసుల జయంతులు వచ్చు వారమును నీగ్రో చరిత్ర వారముగా ప్రారంభించెను. 1937లో బడుల కొరకే మరియొక పత్రికను నెలకొల్పెను.

అయినను ఆ చరిత్ర బడిలో ప్రవేశించుట సులభము కాలేదు. 1930 దశకమున లూసియానాలో ఒక నల్లజాతి ఉపాధ్యాయిని, పైవారు విధించిన పాఠమును బల్లమీద నుంచి, వుడ్సన్ గ్రంథమును ఒడిలో పెట్టుకొని చదివి వినిపించెడిది. ప్రధానోపాధ్యాయుడు లోనికి వచ్చినంతనే బల్లమీది పాఠమునకు మరలెడిది.

1950లో వుడ్సన్ కన్నుమూసెను. ఒకనాడు ఒడిలో దాగిన పాఠమును పిదపటి తరము విద్యార్థులు బహిరంగముగా కోరిరి. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో రాష్ట్ర కళాశాలలో పలు జాతుల విద్యార్థులు ఏకమై, తమ చరిత్రలకు పాఠ్యక్రమమున చోటు కావలెనని సమ్మెకు దిగిరి. లాఠీదెబ్బలకు, నిర్బంధములకు ఓర్చి నాలుగు మాసములకు పైగా నిలిచిరి. తత్ఫలముగా 1969లో అచట జాతుల అధ్యయనమునకు ప్రత్యేక విభాగము వెలసెను. 1970లో ఒహాయోలోని కెంట్ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థులును అధ్యాపకులును వుడ్సన్ వారమును మాసోత్సవముగా జరిపిరి. 1976లో దానికి దేశాధ్యక్షుని గుర్తింపు లభించెను.

వివాదము అంతటితో తీరలేదు. ఆరిజోనా రాష్ట్రము 2010లో చేసిన చట్టము మూలమున టూసన్ నగరపు బడులలో మెక్సికో సంతతివారి చరిత్ర పాఠములు ఆగిపోయెను. విద్యార్థులు న్యాయస్థానము నాశ్రయింపగా, ఆ చట్టమునకు జాతివిద్వేషమే ప్రేరకమని 2017లో తీర్పు వెలువడెను.

తరగతిలో మన యెదుట కూర్చున్న ప్రతి బిడ్డకును, తనవారి కథ పాఠ్యపుస్తకములో ఎచట కలదో చూపగలమా? ఉపాధ్యాయులమైన మనము ఈ మాట ఒకమారు తరచి చూచుకొనుటయే వుడ్సన్‌కు తగిన నివాళి.