మరల బరిలోనికి

ఖాజాగూడ కొండరాళ్లచెంత ఒక ఆదివారమునాడు బాలురు క్రికెట్ ఆడుచుండిరి. తల నెరసిన ఉద్యోగి యొకడు బ్యాటు నడిగి పుచ్చుకొని రెండవ బంతికే వికెట్టు కోల్పోయెను. బాలురు నవ్విరి. ఆయన బ్యాటును నేలపై నుంచి, మారు మాటాడక తన దారిని పోయెను. చిరకాలము విడిచిన విద్యను తిరిగి చేపట్టువానికి మొట్టమొదట ఎదురగునది ఈ నవ్వే.

ముష్టియుద్ధవీరుల చరిత్రలలో ఇట్టి పునరాగమనములు ప్రసిద్ధములు. అమెరికా దేశీయుడైన జో లూయీ 1949లో జగద్విజేతగనే విరమించెను. పన్నుల బాకీ ఆయనను మరల బరిలోనికి ఈడ్చెను. 1950లో ఎజర్డ్ చార్లెస్ చేతను, 1951లో రాకీ మార్సియానో చేతను ఆ మహావీరు డోడిపోయెను. మన తెలుగువారిలో అంతకంటె చాల పెద్దవయసున, గెలువదగిన కిరీటమేదియు లేనిచోటికి మరలి వచ్చినవాడొకడు గలడు. ఆయనయే కొట్టారి కనకయ్య నాయుడు. లోకము సి.కె. నాయుడని పిలిచినది.

నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895 అక్టోబరు 31న ఆయన జన్మించెను. 1916లో హిందువుల జట్టున పెద్దపోటీలలో ప్రవేశించెను. తరువాత ఇందూరు హోల్కరు ప్రభువు ఆయనను తన సంస్థానమునకు రావించి సైన్యమున పదవి నొసగెను. 1926లో బొంబాయిలో ఆంగ్లేయుల ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసినప్పుడు దేశమంతయు ఆ పేరు మారుమ్రోగినది. భారతీయులు టెస్టులాడ సమర్థులను నమ్మకమునకు ఆ ఆట ఊతమిచ్చినది. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టునకు ఆయనయే నాయకుడు. చేతికి గాయమైనను తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసెను. ఆ ఇన్నింగ్స్‌లో అంతకుమించి చేసిన భారతీయుడు లేడు.

వైభవ మెంతోకాలము నిలువలేదు. 1936 యాత్రకు విజయనగర మహారాజకుమారునికి నాయకత్వ మీయబడెను. నాయుడు సామాన్య క్రీడాకారుడుగా పోవలసి వచ్చెను. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టున గబ్బీ ఆలెన్ వేసిన బంతి దెబ్బకు తాళుకొని 81 పరుగులు చేసెను. ఆయన టెస్టు జీవితమంతయు ఏడు ఆటలే. పిదప యుద్ధము వచ్చెను. 1946లో భారతజట్టు మరల ఇంగ్లండునకు పోవునాటికి ఆయనకు ఏబది యేండ్లు నిండెను.

ఇచట కథ ముగిసినదని అనుకొనుట సహజము. కాని ఆ ఏబదవ యేటనే, 1945-46 రంజీ ట్రోఫీ అంతిమపోటీలో బరోడాపై ఆయన 200 పరుగులు చేసెను. హోల్కరు జట్టు విజయము పొందెను. ఏబదియారవ యేట బొంబాయితో ఆడుచుండగా దత్తూ ఫడ్కర్ బంతి ముఖమునకు తగిలి పండ్లూడెను. సాయమునకు వచ్చినవారిని వారించి ఆయన ఆట సాగించెను.

1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినది. ఆంధ్రజట్టు తొలిసారి రంజీలో అడుగుపెట్టిన 1953-54లో దానికి నాయకత్వము వహించినది ఏబదియెనిమిదేండ్ల నాయుడే. ఒకనాడు దేశమునకు నాయకుడైనవాడు అనుభవములేని క్రొత్తజట్టును నడుపుటకు వచ్చెను. అది హోదాలో దిగుడు మెట్టు. ఆయన దానిని వెనుకాడక దిగెను. 1956లో పద్మభూషణ పురస్కార మందెను. 1956-57లో అరువదియొకటవ యేట ఉత్తరప్రదేశ్ పక్షమున రంజీ ఆడెను.

ఆపై కొన్నియేండ్లు పెద్దపోటీలకు దూరముగ నుండెను. 1963లో అరువదియెనిమిదేండ్ల వృద్ధుడు మరల తెల్లదుస్తులు ధరించి మహారాష్ట్ర గవర్నరు జట్టు పక్షమున దిగెను. అది ధర్మార్థము జరిగిన పోటీ. తొలి పోటీకిని దీనికిని నడుమ నలువదియేడు సంవత్సరములు గడచినవి. 1967 నవంబరు 14న ఇందూరులో ఆయన కన్నుమూసెను. నేటికిని యువక్రీడాకారుల జాతీయపోటీ యొకటి ఆయన పేర జరుగుచున్నది.

జో లూయీ తాను పోగొట్టుకొన్న స్థానము కొరకు వచ్చెను, అది దొరకలేదు. నాయుడు తనకు దొరకిన స్థానము, అది ఎంత చిన్నదైనను, నిండుగ ఆడెను. అందుచేతనే ఆయన పునరాగమనములలో ఓటమి యను మాటకు తావు స్వల్పము.

ఖాజాగూడలో ఆ ఉద్యోగి మరల కనబడినచో ఈ చరిత్ర వినిపింపవలెనని యున్నది. ఉపాధ్యాయ మిత్రులు, వీలైనచో, ఆనాడు నవ్విన బాలురకు వినిపింతురుగాక.