డాల్టన్ చూచిన పువ్వు

పరమాణు సిద్ధాంతమును చదివిన విద్యార్థికి జాన్ డాల్టన్ పేరు క్రొత్త కాదు. ఆ మహాశయుని కన్నుల కథ మాత్రము రసాయనశాస్త్ర పాఠములలో సాధారణముగా చోటు చేసికొనదు.

1766లో ఇంగ్లండు ఉత్తరభాగమున, కంబర్లండు సీమలోని ఈగిల్స్‌ఫీల్డు గ్రామమున, క్వేకరు శాఖకు చెందిన పేద నేతగాని యింట ఆయన జన్మించెను. 12వ యేటనే బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయుడు. 1793లో మాంచెస్టరు చేరెను. వివాహమాడలేదు.

1792లో ఒకనాడు క్రొవ్వొత్తి వెలుతురున జెరేనియం పువ్వును చూచి ఆయన నిర్ఘాంతపోయెను. పగటివేళ ఆకాశనీలముగా తోచిన పువ్వు ఇప్పుడు ఎర్రనిదై కూర్చున్నది! మిత్రులకు చూపగా వారికందు చెప్పదగిన మార్పేమియు కానరాలేదు. ఆయనవలె చూచినవాడు అన్న జోనథన్ ఒక్కడే. ఇరువదియైదేండ్లు దాటువరకు తన వర్ణలోకము వేరని ఆయన ఎరుగడు.

అంతటితో ఊరకుండక, అట్టివారిని వెదకి విచారించి, 1794లో మాంచెస్టరు సాహిత్య తాత్త్విక సంఘమున వ్యాసము చదివెను. తాను విన్నంతలో స్త్రీలలో ఒక్కరికిని ఈ లోపము లేదనియు, లోపము గలవారి తల్లిదండ్రులకు గాని బిడ్డలకు గాని ఒక్క సందర్భమున తప్ప అది కానరాదనియు అందు వ్రాసెను. రహస్యమంతయు ఆ రెండు మాటలలోనే ఇమిడియున్నది. దాని మర్మము ఆ కాలమున ఆయనకు అందలేదు. కంటిలోని ద్రవము నీలివన్నెది యగుటయే కారణమని తలచి, తన మరణానంతరము కన్నులు కోసి చూడుడని కోరెను. 1844 జూలై 27న ఆయన మరణింపగా వైద్యుడు రాన్సమ్ ఆ కోరిక నెరవేర్చెను. ద్రవము నీరువలె నిర్మలముగా నుండెను. యాబదియేండ్ల నమ్మకము ఒక్క గాజుపళ్లెములో తేలిపోయెను!

1910లో మోర్గన్ తెల్లకన్నుల ఈగపై జరిపిన పరిశీలనలు, మరుసటి యేట విల్సన్ చేసిన వివరణము దారి చూపినవి. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు. పురుషునికి ఒక ఎక్స్, ఒక వై. ఎర్ర పచ్చలను వేరుపరచు జన్యువులు ఎక్స్ మీదనే ఉన్నవి. ఒకదానిలో లోపమున్నను స్త్రీని రెండవది కాపాడును; పురుషునికి ఆ రక్ష లేదు. తండ్రి కుమారునికిచ్చునది వై మాత్రమే. కావున తాతకున్న లోపము కుమార్తెలో గుప్తముగా నిలిచి, మనుమనిలో బయటపడవచ్చును. డాల్టన్ సోదరులకు దానినిచ్చినది తండ్రి కాదు, తల్లి డెబోరా. ఆ సంగతి తెలియు ఉపాయమే ఆమెకు లేదు.

ఇట్టి బాలురు మన బడులలోను ఉన్నారు. నల్లబల్లపై ఎర్ర సుద్దగీతకును పచ్చ సుద్దగీతకును తేడా చెప్పలేని పిల్లవానిని మందలించుటకు ముందు ఉపాధ్యాయుడు క్షణమాగుట మంచిది.

డాల్టన్ కన్నులను మాంచెస్టరు సంఘమువారు భద్రపరచిరి. 1995లో ఆ కంటి ముక్కనుండి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించిన శాస్త్రజ్ఞులు, పచ్చకాంతిని గ్రహించు వర్ణకమునకు చెందిన జన్యువు అందు లేదని తేల్చిరి. ఆయన కోరిన పరీక్ష ముగియుటకు 151 సంవత్సరములు పట్టినది.