లోహవిజ్ఞాని బ్రహ్మప్రకాశ్

తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట నుండి పులికాటు సరస్సు మీదుగా సాగే దారి శ్రీహరికోటకు చేరుతుంది. 1971 నుండి అక్కడ రాకెట్లు నింగికి ఎగురుతున్నాయి. ఎగసే రాకెట్టును చూసి మురిసేవారు అనేకులు. లోపలి మంటను, ఒత్తిడిని భరించే లోహపు తొడుగును గూర్చి యోచించేవారు అరుదు. అట్టి అరుదైన వారిలో అగ్రగణ్యులు డాక్టర్ బ్రహ్మప్రకాశ్.

ఆయన 1912 ఆగస్టు 21న లాహోరులో జన్మించారు. రసాయనశాస్త్రంలో ఉన్నతవిద్య ముగించి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి 1949లో డాక్టరేట్ పొందారు. ఆనాడు అక్కడి లోహశాస్త్ర విభాగానికి జాన్ చిప్‌మన్ అధిపతి. కరిగిన ఉక్కుకూ, దానిపై తేలే లోహమలానికీ నడుమ జరిగే చర్యలను ఉష్ణగతిక సూత్రాలతో ముందుగా లెక్కగట్టవచ్చునని చూపిన వారిలో చిప్‌మన్ ముఖ్యులు. సుమారు 1600 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉడికే కొలిమిలోనికి ఎవరూ తొంగిచూడలేరు. లోనికి పోయిన పదార్థమెంత, వేడి ఎంత, వెలుపలికి వచ్చినదెంత అని సమీకరణాలతో తూచి లోపలి స్థితిని గ్రహించవలసిందే. ఇనుము, ఉక్కు తయారీకి నేడు కంప్యూటర్లలో రూపొందించే గణిత నమూనాలకు ఆ సూత్రాలే పునాది.

స్వదేశానికి తిరిగివచ్చిన బ్రహ్మప్రకాశ్ 1951లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో లోహశాస్త్ర విభాగానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. అనంతరం ట్రాంబేలో అణుశక్తి కార్యక్రమానికి కావలసిన లోహాల తయారీని చేపట్టారు. సైరస్ రియాక్టరుకు వలసిన యురేనియం ఇంధన కడ్డీలు 1959లో అక్కడే రూపొందాయి. హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వెలయడంలోను ఆయన కృషి విశేషమైనది. ఇసుకలో లభించే జిర్కాన్ నుండి జిర్కోనియం తీసి, ఇంధనానికి తొడుగులు చేసే కర్మాగారమది. ప్రభుత్వం ఆయనను 1961లో పద్మశ్రీతోను, 1968లో పద్మభూషణ్‌తోను గౌరవించింది.

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ ఆకస్మికంగా మరణించారు. మరుసటి ఏడాది తిరువనంతపురంలో ఏర్పడిన అంతరిక్ష కేంద్రానికి బ్రహ్మప్రకాశ్ తొలి సంచాలకులయ్యారు. అప్పటికి ఆయన అరవయ్యవ ఏటికి చేరువలో ఉన్నారు. వేర్వేరుగా పనిచేస్తున్న బృందాలను ఒక్కతాటిపై నడిపి, ఎస్.ఎల్.వి.-3 నిర్మాణాన్ని ముందుకు సాగించారు. ఇరవై రెండు మీటర్ల పొడవు, పదిహేడు టన్నుల బరువు గల ఆ వాహనపు మొదటి దశ తొడుగు ప్రత్యేకమైన ఉక్కుతో చేసినది.

1979 ఆగస్టు 10న దానిని తొలిసారి ప్రయోగించారు. గడువుకు కొద్ది నిమిషాల ముందు కంప్యూటరు ఆగమని హెచ్చరించింది. లోపం పెద్దది కాదని నిపుణులు భావించి, హెచ్చరికను దాటి ముందుకు సాగారు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడంతో వాహనం దారితప్పి, 317 సెకన్లలో బంగాళాఖాతంలో కూలిపోయింది.

ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం అలసి నిద్రపోయారు. బ్రహ్మప్రకాశ్ రెండుమార్లు వచ్చి, నిద్రాభంగం చేయక వెనుదిరిగారు. మూడవమారు వచ్చి మంచం ప్రక్కన కూర్చుండి, మెల్లగా తట్టి లేపి భోజనానికి తీసుకువెళ్లారు. అప్పటివరకు తానును భుజింపలేదు. సమీక్షలో వైఫల్యానికి బాధ్యత తనదేనని కలాం ఒప్పుకొన్నప్పుడు, ఆయనకు అండగా నిలిచారు.

1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. అప్పటికి బ్రహ్మప్రకాశ్ పదవీవిరమణ చేశారు. 1984 జనవరి 3న ఆయన కన్నుమూశారు. నేడు కొలిమి గాని, రాకెట్టు గాని తయారుకాకమునుపే దాని నడకను కంప్యూటరులో పరీక్షించి చూస్తున్నారు. అయినను ఆ యంత్రం చేసిన హెచ్చరికను మన్నించే వివేకము, ఓడినవానిని ఆదరించే హృదయము మానవునివే. ఆ రెండవ గుణమునకు బ్రహ్మప్రకాశ్ జీవితం ఆదర్శం.