పద్దుల పుస్తకం మీద సిలువ గురుతు

మీ ఇంట్లో ఇంటర్‌లో కామర్సు తీసుకున్న అబ్బాయో, బి.కాం. చదివే అమ్మాయో ఉంటే పరీక్షల ముందు రాత్రులు ఎలా గడుస్తాయో మీకు తెలిసే ఉంటుంది. నోటు పుస్తకంలో నిలువు గీత గీసి, ఎడమ పక్క డెబిట్లూ కుడి పక్క క్రెడిట్లూ వేసి, చివరకు అంకణా కలవక తల పట్టుకునే బిడ్డను చూసి మీరు జాలిపడే ఉంటారు. ఆ లెక్కల పద్ధతిని మొట్టమొదట అచ్చు పుస్తకంలో పాఠంగా చెప్పినది ఎవరని ఆ బిడ్డను అడిగి చూడండి. పేరు చెప్పగలుగుతారు, పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లోనే అది ఉంటుంది. కాని ఆయన ఒక కతోలిక సన్యాసి అనీ, అస్సీసీపుర పునీత ఫ్రాన్సిస్ వారి సభకు చెందినవారనీ చాలామందికి తెలియదు. ఆ పేరు లూకా పాచియోలి.

ఇటలీ దేశంలో టస్కనీ ప్రాంతాన బోర్గో సాన్ సెపోల్క్రో అనే చిన్న పట్టణం ఉంది. క్రీస్తు ప్రభువు పవిత్ర సమాధి పేరు పెట్టుకున్న ఊరు అది. అక్కడ 1447 ప్రాంతంలో లూకా పుట్టారు. వారిది కలిగిన కుటుంబం కాదు. అదే ఊరివాడైన గొప్ప చిత్రకారుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కాకు బొమ్మలు గీయడమే కాదు, గణితంలోనూ మంచి ప్రవేశం ఉంది. ఈ పియెరో పేరు కొంచెం గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే లూకా వెనిస్ నగరం చేరారు. అక్కడ ఆంటోనియో రోంపియాసి అనే వర్తకుడు తన ముగ్గురు కొడుకులకు చదువు చెప్పడానికి ఆయనను ఇంట్లో పెట్టుకున్నాడు. ఆనాటి వెనిస్ అంటే ఓడల రేవు, సరుకుల సంత. అలెగ్జాండ్రియా మీదుగా వచ్చే మిరియాలూ అల్లమూ మన దేశపు పడమటి తీరంలో పండినవే. పగలు పిల్లలకు పాఠం చెబుతూ, దొమెనికో బ్రగదీనో అనే పండితుని వద్ద తాను కూడా గణితం నేర్చుకుంటూ, ఆ వర్తకుని పనుల్లో సాయపడుతూ లూకా చాలా చూశారు. 1470లో ఆ ముగ్గురు పిల్లల కోసమే ఒక బీజగణిత పుస్తకం రాశారు. ఆయన తొలి పుస్తకం ఏ రాజుకో కాక తన ముందు పలక పట్టుకొని కూర్చున్న కుర్రవాళ్ళకు అంకితమైందన్న సంగతి నాకు ఎంతో నచ్చుతుంది.

ఆ తర్వాత కొంతకాలం రోములో లియోన్ బత్తిస్తా ఆల్బెర్టి అనే మహా పండితుని ఇంట ఉన్నారు. 1470 తర్వాతి ఆ సంవత్సరాల్లోనే ఫ్రాన్సిస్కన్ సభలో చేరి మాటపట్టు ఇచ్చారు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. పునీత ఫ్రాన్సిస్ వారు తమ సోదరులకు నాణేలు తీసుకోవద్దని నియమావళిలోనే రాశారు. అటువంటి సభలో చేరినవాడు వర్తకుల జమాఖర్చుల గురించి రాయడమేమిటి? ఫ్రాన్సిస్కన్ సోదరులు డబ్బును తాకకపోయినా, డబ్బు పేదవాణ్ణి ఎలా పిండి వేస్తుందో దగ్గర నుంచి చూసినవారు. వడ్డీ వ్యాపారుల బారి నుంచి పేదలను తప్పించడానికి తాకట్టు మీద చౌకగా అప్పులిచ్చే నిధిని 1462లో పెరూజియా పట్టణంలో నెలకొల్పింది వారి ప్రోత్సాహమే. అటువంటి నిధి లెక్కలు లేకుండా ఒక్క నెల కూడా నడవదు. పేదరికపు మాటపట్టుకూ పద్దుల పుస్తకానికీ పొత్తు కుదరదనుకుంటే అది మన పొరపాటు.

ఆ పెరూజియాలోనే 1477లో లూకా విశ్వవిద్యాలయంలో గణిత బోధకులయ్యారు. అక్కడి విద్యార్థుల కోసం రాసిన పెద్ద వ్రాతప్రతి ఇప్పటికీ వాటికన్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని నింపినవి సిద్ధాంతాలకంటె లెక్కలే. పొత్తు వ్యాపారంలో లాభం పంచడం, ఒక నాణేన్ని మరో నాణెంలోకి మార్చడం, సరుకుకు సరుకు మార్చుకోవడం, ఇలా వందల కొద్దీ. సూత్రం కంఠస్థం చేస్తే చాలదు, చేత్తో చేయాలి అన్నది ఆయన బోధన తీరు.

తర్వాత జారా, నేపుల్స్, రోము అంటూ ఊరూరా తిరిగి పాఠాలు చెప్పి సొంత ఊరు చేరుకుంటే అక్కడ కష్టం ఎదురైంది. జగద్గురువుల నుంచి ఆయన పొందిన ప్రత్యేక అనుమతులు తోటి మఠవాసులకు కంటగింపు అయ్యాయి. 1491లో ఆ ఊరి కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పరాదని ఆయనపై నిషేధం పెట్టారు. బోధకునికి ఇంతకంటె పెద్ద శిక్ష ఏముంటుంది? కాని 1493లో అదే ఊరిలో తపస్కాల ప్రసంగాలు చేయడానికి ఆయననే పిలిచారు. మఠాలలోనూ మనుషులే ఉంటారు మరి!

1494 నవంబరులో వెనిస్‌లో పగనీనో ముద్రాపకుని అచ్చుకూటం నుంచి ఆయన మహాగ్రంథం వెలువడింది. అంకగణితం, రేఖాగణితం, నిష్పత్తులు అన్నీ కలిసి 600 పేజీలకు పైబడిన పుస్తకం. లత్తీనులో కాక, అంగడివాడు కూడా చదవగలిగే వాడుక ఇటాలియను భాషలో రాశారు. అందులో ఒక భాగం, 36 చిన్న అధ్యాయాలు, వర్తకుని పద్దుల గురించి. మీ పిల్లలు చదివే అకౌంటెన్సీకి మూలం ఆ భాగమే.

జంటపద్దు విధానాన్ని ఆయనే కనిపెట్టారని కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు. 1340 నాటి జెనోవా నగరపాలన పుస్తకాల్లోనే ఆ పద్ధతి కనిపిస్తుంది. వెనిస్ వర్తకులు వాడుతున్న పద్ధతినే తాను చెబుతున్నానని లూకా కూడా దాపరికం లేకుండా తెలిపారు. ఆయన చేసిందల్లా అంగళ్ళలో ఒకరి నుంచి ఒకరికి చేతివాటంగా అందుతున్న విద్యను ఒక వరుసలో పెట్టి, అచ్చువేసి, కొనగలిగిన ప్రతివాని చేతికీ అందించడం. అది చిన్న పనేమీ కాదు.

ఆ 36 అధ్యాయాలు ఏం చెబుతాయంటే, వర్తకుడు మొదట తనకున్నదంతా ఒక జాబితాగా రాసుకోవాలి. చేతిలోని బంగారు నాణేలు, రత్నాలు, బట్టలు, పరుపులు, అల్లం బస్తాలు, మిరియాలు, ఇళ్ళూ పొలాలూ, రావలసినవీ ఇవ్వవలసినవీ ఏదీ విడువకూడదు. ఆ తర్వాత మూడు పుస్తకాలు. మొదటిది జ్ఞాపకాల పుస్తకం. జరిగింది జరిగినట్టు అందులో రాయాలి, రాయడం వస్తే ఇంటి ఆడవారూ పనివారూ కూడా రాయవచ్చు. రెండవది చిట్టా, మూడవది ఆవర్జా. మొదటి వరుస పుస్తకాల మీద సిలువ గురుతు వేయాలని, ప్రతి పనినీ దేవుని నామంతో మొదలుపెట్టాలని ఆయన చెప్పారు. ఆ పుస్తకాలు నిండాక తర్వాతి వరుసకు అక్షరాల గుర్తులు.

విద్యార్థులారా, ఒక చిన్న లెక్క చేద్దాం, కలం తీయండి. వర్తకుడు 500 నాణేలతో అంగడి పెట్టాడు. నగదు ఖాతాకు డెబిట్ 500, మూలధనం ఖాతాకు క్రెడిట్ 500. ఒక రైతు దగ్గర 80 నాణేల మిరియాలు అరువుకు కొన్నాడు. మిరియాల ఖాతాకు డెబిట్ 80, రైతు ఖాతాకు క్రెడిట్ 80. ఆ మిరియాలన్నీ 100 నాణేలకు నగదుకు అమ్మాడు. నగదుకు డెబిట్ 100, మిరియాలకు క్రెడిట్ 100. ఇప్పుడు మిరియాల ఖాతాలో 20 ఎక్కువ ఉంది, అది లాభం. లాభనష్టాల ఖాతా మీదుగా మూలధనంలో చేరి అది 520 అవుతుంది. నగదు 600 ఒక పక్క, రైతు బాకీ 80, మూలధనం 520 మరో పక్క. కలిసిందా? ఇంతకంటె పెద్దదైన ప్రతి లెక్కా దీని పెద్దన్నే. గైడు పుస్తకంలో జవాబు చూసి అర్థమైందనుకొని పక్కన పెట్టే బిడ్డకు ఇది రాదు. జవాబు మూసి, తెల్ల కాగితం మీద చిట్టా నుంచి అంకణా దాకా తానే నడిచినవానికే వస్తుంది.

కాని అంకణా కలిసినంత మాత్రాన లెక్క నిజమని అనుకోకండి. జరిగిన వ్యవహారాన్ని పూర్తిగా రాయకపోతే రెండు పక్కలా అది లేకుండానే సమానమవుతుంది. ఒకరి ఖాతాలో వేయవలసింది మరొకరి ఖాతాలో వేసినా కలుస్తుంది. మాటలు ఒకదానితో ఒకటి పొసగడం వేరు, అవి వాస్తవానికి సరిపోవడం వేరు అని తత్త్వశాస్త్రం చెప్పే పాఠమే ఇది. దొంగ పుస్తకాలు కూడా చక్కగానే కలుస్తాయి. లూకాకు ఆ సంగతి బాగా తెలుసు. కొనేవారికి ఒకటి, అమ్మేవారికి ఒకటి చొప్పున రెండు వరుసల పుస్తకాలు ఉంచుకొని, పైగా వాటి మీద ప్రమాణాలు చేసే వర్తకులను ఆయన గట్టిగా తప్పుపట్టారు. అందుకే పుస్తకాలను ముందుగా వర్తక అధికారి వద్దకు తీసుకుపోయి, ఎన్ని పుటలో, ఎవరు రాస్తారో నమోదు చేయించాలన్నారు. తప్పు పద్దు పడితే గీకి చెరిపివేయకూడదు. దానికి ఎదురు పద్దు రాసి, పక్కన సిలువ వంటి గుర్తు పెట్టాలి. తప్పూ కనబడాలి, దిద్దుబాటూ కనబడాలి. పాపసంకీర్తనానికి వెళ్ళే కతోలికునికి ఈ నియమం వేరే వివరించనక్కరలేదు.

లూకా గారి లెక్కలన్నీ సరైనవేమీ కావు. ఒక బంతి ఆటలో 60 గెలుపు గుర్తు, ఒక్కో దెబ్బకు 10. ఒక పక్షం 50, రెండవది 20 వద్ద ఉండగా ఆట ఆగిపోతే పందెం ఎలా పంచాలి? ఆయన 5కు 2 వంతున పంచమన్నారు. 1556లో తర్తాల్యా అనే గణితవేత్త దీన్ని ఎత్తి చూపాడు. ఒకరికి 10, మరొకరికి సున్నా ఉన్నప్పుడు ఆగితే మొత్తం పందెం ఒకరికే పోతుంది కదా, అది న్యాయమా అని ఆయన అభ్యంతరం. 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాల ద్వారా చర్చించుకొని చిక్కు విప్పారు. రెండు పక్షాలూ సమానమైనవనుకుంటే పంపకం 15కు 1. ఆ చర్చలోంచే సంభావ్యతా శాస్త్రం పెరిగింది. చేసి చూపిన తప్పు లెక్క కూడా ఒక్కోసారి ఎంత పని చేస్తుందో చూడండి.

ఆ మహాగ్రంథం కొన్నవారిలో లియొనార్డో డా విన్చీ ఒకరు. 119 సోల్దీలు పెట్టి కొన్నట్టు తన కాగితాల్లో రాసుకున్నారు. 1496 ప్రాంతంలో మిలాను ప్రభువు పిలుపుపై లూకా అక్కడికి వెళ్ళి లియొనార్డోకు మిత్రులూ గణిత గురువూ అయ్యారు. దైవిక నిష్పత్తి గురించి లూకా రాసిన పుస్తకానికి ఘనరూపాల బొమ్మలు గీసినది లియొనార్డోయే. 1499లో ఫ్రెంచి సైన్యం మిలానును పట్టుకోగా ఇద్దరూ కలిసి మాంతువాకు, అక్కడి నుంచి ఫ్లోరెన్సుకు తరలిపోయారు.

ఈ దైవిక నిష్పత్తి పుస్తకం 1509లో అచ్చయింది. ఇందులోనే ఆయన జీవితపు పెద్ద మచ్చ కూడా ఉంది. మూడవ భాగం, అప్పటికి 17 ఏళ్ళ క్రితం చనిపోయిన పియెరో డెల్లా ఫ్రాంచెస్కా లత్తీనులో రాసిన గ్రంథానికి ఇటాలియను రూపం. పియెరో పేరు అక్కడ లేదు. 1550లో వజారి అనే రచయిత దీన్ని దొంగతనమని నిందించాడు. చిత్రలేఖనంలో పియెరో ఎంత గొప్పవాడో 1494 గ్రంథంలో ఇదే లూకా పొగిడి ఉన్నారని, ఆ కాలంలో రచనల మీద హక్కు ఇప్పటిలా లేదని సమర్థించేవారు ఉన్నారు. రెండూ నిజమే. అయినా ప్రతి బాకీనీ ఎవరికి ఉన్నామో వారి పేరుతో రాయాలని లోకానికి నేర్పిన మనిషి పుస్తకంలో పియెరో ఖాతా తెరవలేదు. సభ మీద అభిమానంతో దీన్ని దాచడం నాకు ఇష్టం లేదు.

1508 ఆగస్టు 11న వెనిస్‌లో రియాల్తో వద్ద పునీత బర్తొలొమయి దేవాలయంలో యూక్లిడ్ రేఖాగణితంపై ఆయన ఇచ్చిన ఉపన్యాసానికి రాయబారులు, గురువులు, పండితులు, వర్తకులు కూడివచ్చారు. 1510లో సొంత ఊరి మఠానికి పెద్దగా నియమితులైతే మళ్ళీ అక్కడి సోదరులతో తగవులు. 1514లో పదవ లియో జగద్గురువులు రోములో బోధించడానికి పిలిపించారు. 1517లో కన్నుమూశారు.

తర్వాత ఆయన పేరు మరుగునపడింది. 1543లో ఇంగ్లీషులోనూ డచ్చులోనూ వచ్చిన పుస్తకాలు ఆయన పాఠాలనే అనుసరించాయి, వ్యాపారులు ఆ పద్ధతినే వాడుకున్నారు, మూలపురుషుణ్ణి మాత్రం మరచారు. 1869లో మిలానులో లూకీనీ అనే గణకశాస్త్ర బోధకుడు ఒక ఉపన్యాసం కోసం ఆ పాత పుస్తకాన్ని తిరగేసి లోకానికి మళ్ళీ చూపాడు. 1994లో ఆ గ్రంథానికి 500 ఏళ్ళు నిండగా ఇటలీ ప్రభుత్వం ఆయన జ్ఞాపకార్థం 500 లీరాల నాణేన్ని విడుదల చేసింది.