జబ్బు రోజుల జీతం... బిస్మార్క్‌ వేసిన బాట

జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా మాత్ర మింగి పనికి వెళ్లే మనిషి మీకు తెలిసే ఉంటాడు. ఇంట్లో పడుకుంటే ఆ రోజు కూలి పోతుంది. నాలుగు రోజులు పడుకుంటే ఇంటి అద్దె, పాల డబ్బులు, పిల్లల ఫీజు అన్నీ వెనకబడతాయి. అలా జబ్బుకన్నా జీతం కోతకే ఎక్కువ భయపడే పరిస్థితి మారాలని దేశం మొత్తానికీ వర్తించేలా మొదట చట్టం చేసింది జర్మనీ. చేయించింది కార్మిక నాయకుడు కాదు. కార్మికుల పార్టీ సభలను, పత్రికలను నిషేధించిన మనిషి. చరిత్ర పాఠాల్లో మీరు యుద్ధాల పక్కన చదువుకున్న ఒట్టో ఫాన్‌ బిస్మార్క్‌.

తిండి ఎక్కువ... నిద్ర తక్కువ

బిస్మార్క్‌ 1815 ఏప్రిల్‌ 1న ప్రష్యాలోని షోన్‌హౌజెన్‌లో భూస్వాముల ఇంట పుట్టాడు. 1862లో ప్రష్యా ప్రధాని అయ్యాడు. మూడు యుద్ధాలు నడిపి, విడివిడిగా ఉన్న జర్మన్‌ రాజ్యాలను 1871లో ఒక్కటి చేశాడు. కొత్త దేశానికి తొలి ఛాన్సలర్‌గా 19 ఏళ్లు చక్రం తిప్పాడు.

పేరుకు ఉక్కు ఛాన్సలర్‌. ఒంట్లో మాత్రం బోలెడు బాధలు. భోజనం, మద్యం, చుట్టలు... దేనికీ హద్దుండేది కాదు. బరువు 120 కిలోలు దాటింది. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ముఖం నరాల్లో పోట్లు, కడుపు నొప్పి తరచూ వేధించేవి. ఒంట్లో బాగా లేనప్పుడల్లా రాజధాని వదిలి వార్జిన్‌లోని తన ఎస్టేట్‌కో, కిస్సింగెన్‌ నీటి చికిత్సకో వెళ్లి వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఉండిపోయేవాడు. 1874లో కిస్సింగెన్‌లో ఉండగానే ఓ యువకుడు ఆయనపై కాల్పులు జరిపాడు. చేతికి గాయంతో బయటపడ్డాడు.

చివరికి 1883లో ఎర్నెస్ట్‌ ష్వెనింగర్‌ అనే యువ వైద్యుడు ఆయన్ను దారిలో పెట్టాడు. తిండికి, తాగుడుకు కళ్లెం వేశాడు. వేళకు పడుకోబెట్టాడు. బరువు బాగా తగ్గింది, నిద్ర తిరిగొచ్చింది. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఇన్నేళ్ల అనారోగ్యంలోనూ బిస్మార్క్‌ను డాక్టర్‌ చీటీ తెమ్మన్నవారు లేరు. పడుకున్నన్నాళ్లూ ఇంట్లో పొయ్యి ఆరిపోతుందన్న దిగులూ లేదు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ కార్మికుడికి మాత్రం పని ఉన్న రోజే కూలి.

ప్రేమతో కాదు... లెక్కతో

1878లో చక్రవర్తి మీద రెండుసార్లు హత్యాయత్నం జరిగింది. ఆ సందు చూసుకుని బిస్మార్క్‌ సోషలిస్టులపై కఠిన చట్టం తెచ్చాడు. అయితే కర్ర ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. జబ్బు చేసినా, గాయపడినా, ముసలితనం వచ్చినా ఆదుకునేది ప్రభుత్వమేనని కార్మికుడు నమ్మితే సోషలిస్టుల వైపు వెళ్లడని లెక్కవేశాడు. 1881 నవంబరులో చక్రవర్తి పేరిట ఆ సంకల్పాన్ని పార్లమెంటు ముందు ప్రకటించాడు.

నిజానికి బిస్మార్క్‌ మనసు పెట్టింది ప్రమాద బీమా మీద. జబ్బు బీమాను శ్రద్ధగా తీర్చిదిద్దింది థియోడర్‌ లోమాన్‌ అనే అధికారి. ఛాన్సలర్‌కు దానిపై పెద్దగా మోజు లేకున్నా ముందు గట్టెక్కింది అదే. 1883 జూన్‌ 15న చట్టమై, మరుసటేడు డిసెంబరు నుంచి అమలైంది. 1885 నాటికి దాదాపు 43 లక్షల మంది దాని కిందకు వచ్చారు.

దాని నిబంధనలు చూడండి. చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడివి, ఒక వంతు యజమానిది. వైద్యం, మందులు మొదటి రోజు నుంచే ఉచితం. జబ్బుతో పని చేయలేకపోతే మొదటి కొద్ది రోజులు మినహాయించి, సగం కూలి చొప్పున 13 వారాల వరకు చెల్లింపు. ఆ గడువును 1903లో 26 వారాలకు పెంచారు.

డాక్టర్‌ సంతకం విలువ

డబ్బు ముడిపడగానే అనుమానమూ వచ్చింది. నిజంగా జబ్బేనా, నటనా? ఆ మాట తేల్చాల్సింది బీమా నిధి ఒప్పుకున్న డాక్టర్‌. ఆయన సంతకం లేనిదే డబ్బు రాదు. రోగి ఇంట్లోనే ఉన్నాడో, సారా కొట్టులో కూర్చున్నాడో చూసి రావడానికి నిధులు తనిఖీ మనుషులను కూడా పంపేవి. అప్పటిదాకా రోగికి మందు రాయడమే డాక్టర్‌ పని. ఇప్పుడు రోగి తరఫున సాక్ష్యం, నిధి తరఫున కాపలా రెండూ ఆయన మీదే పడ్డాయి. మెడికల్‌ సర్టిఫికెట్‌ అంటే కాస్త అనుమానంగా చూసే అలవాటు నేటికీ ఉంది.

బిస్మార్క్‌ లెక్క మాత్రం తప్పింది. చందాలో పెద్ద వాటా తమదే కావడంతో నిధుల పాలకమండళ్లలోనూ మూడింట రెండు వంతుల స్థానాలు కార్మికులకే దక్కాయి. అవి వారికి పాలన నేర్పిన బడులయ్యాయి. సోషలిస్టులు బలహీనపడలేదు సరికదా, 1890 ఎన్నికల్లో దాదాపు ఐదో వంతు ఓట్లు తెచ్చుకున్నారు. ఆ ఏడాది మార్చిలోనే కొత్త చక్రవర్తి బిస్మార్క్‌ను సాగనంపాడు. 1898 జూలై 30న ఫ్రీడ్రిక్స్‌రూలో 83వ ఏట ఆయన కన్నుమూశాడు. చట్టం మిగిలింది. ఇప్పుడు జర్మనీలో జబ్బు చేస్తే ఆరు వారాల వరకు యజమానే పూర్తి జీతం ఇస్తాడు. ఆ తర్వాత బీమా నిధి అందుకుంటుంది. అక్కడ మీ పిల్లలు ఉద్యోగం చేస్తుంటే ఒక మాట చెప్పండి. జబ్బు మూడు రోజులు దాటితే డాక్టర్‌ ధ్రువీకరణ తప్పనిసరి. ఇంకా ముందే కావాలని అడిగే హక్కూ యజమానికి ఉంది.

మన దగ్గర ఎలా?

మన దేశంలో ఈ ఆలోచనకు రూపమిచ్చింది ప్రొఫెసర్‌ బి.పి.అదార్కర్‌. వైస్రాయ్‌ కౌన్సిల్‌లో డాక్టర్‌ అంబేడ్కర్‌ కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1944లో ఆయన నివేదిక ఇచ్చాడు. 1948లో ఇఎస్‌ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ పథకాన్ని ప్రారంభించాడు. ఏడాదిలో జబ్బు భత్యం ఇచ్చే గరిష్ఠ గడువు 91 రోజులు. లెక్కేస్తే సరిగ్గా 13 వారాలు!

మీ ఇంట్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి ఫ్యాక్టరీలోనో, పెద్ద షాపులోనో పనిచేసేవారుంటే ఈ విషయాలు గుర్తుంచుకోండి. జీతంలో 0.75 శాతం ఉద్యోగి వాటా, 3.25 శాతం యజమాని వాటా. వైద్యం చేరిన నాటి నుంచే అందుతుంది. నగదు భత్యానికి మాత్రం ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. కొత్తగా చేరినవారికి భత్యం అర్హత మొదలవడానికి తొమ్మిది నెలలు పడుతుంది. భత్యం సగటు రోజు జీతంలో 70 శాతం. సాధారణంగా మొదటి రెండు రోజులకు ఇవ్వరు. రోజు జీతం 500 రూపాయలనుకుంటే, పది రోజుల జబ్బుకు ఎనిమిది రోజులకు 350 చొప్పున 2,800 రూపాయలు వస్తాయి. క్షయ, క్యాన్సర్‌ లాంటి 34 దీర్ఘ వ్యాధులకు, ఎక్కువ కాలం చందా కట్టినవారికి, 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది.

చాలామంది నష్టపోయేది సర్టిఫికెట్‌ దగ్గరే. నాలుగు రోజులు ఇంట్లో పడుకుని, తగ్గాక చీటీ కోసం వెళితే ఆ నాలుగు రోజులకు ఆధారం ఉండదు. జబ్బు చేసిన రోజే ఇఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లి మొదటి సర్టిఫికెట్‌ తీసుకోవాలి. పనిలో చేరేముందు చివరి సర్టిఫికెట్‌ తీసుకోవాలి. బయటి డాక్టర్‌ చీటీ ఉన్నంత మాత్రాన డబ్బు వచ్చేస్తుందనుకోవద్దు. భత్యం తీసుకుంటున్న రోజుల్లో మరోచోట పనికి వెళ్లకూడదు.

ఇంకొక్క మాట. 1883 చట్టం పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని తప్పనిసరి బీమా బయటే ఉంచేసింది. బిస్మార్క్‌ ఎస్టేట్ల మీద చెమటోడ్చినవారూ అందులో ఉన్నారు. జర్మనీ ఆ లోటును 1911 చట్టంతో సరిదిద్దుకుంది. మన ఇళ్లలో అంట్లు తోమే మనిషికి, వంట చేసే మనిషికి ఇఎస్‌ఐ కార్డు లేదు. ఆమె మూడు రోజులు జ్వరంతో రాకపోతే డాక్టర్‌ చీటీ అడగాలా, జీతం కోయాలా అన్నది ఏ చట్టమూ చెప్పడం లేదు. మీరే నిర్ణయిస్తున్నారు. ఒంట్లో బాగా లేని మనిషి భయం లేకుండా పడుకోగలిగితే తొందరగా కోలుకుంటుంది. ఆమె జ్వరం మీ పిల్లలకు అంటకుండానూ ఉంటుంది.