సరస్సు చెంత అగాసీ

1858 ఆగస్టు, అమెరికాలో అది వేసవి. ఆడిరాండాక్ పర్వతముల నడుమ ఫాలెన్స్‌బీ సరస్సు నొడ్డున ఎమర్సన్ ప్రభృతులైన పండితులు కొందరు విడిసిరి. కొందరు తుపాకితో గురిచూచుచుండ, ఒకాయన చెట్టు మోడుపై చేపను కోసి పరీక్షించుచుండెను. సహచరుడు స్టిల్‌మన్ గీచిన చిత్రమున ఆ దృశ్యము నేటికిని నిలిచియున్నది. ఆయన లూయీ అగాసీ.

1807లో స్విట్జర్లండున, మొరా సరస్సు దాపున, మతబోధకుని యింట జన్మించెను. తమ్మునితో గూడి వట్టిచేతులతో చేపలు పట్టి, పెరటి రాతితొట్టిలో పెంచెడివాడు. వైద్యము చదివినను మనసు చేపలను వీడలేదు. 1833 మొదలు పదేండ్లు శిలాజ మత్స్యములపై మహాగ్రంథము వెలువరించెను. 1847లో హార్వర్డు ఆచార్యుడుగా నియుక్తుడయ్యెను. శిష్యుని ముందు ఆల్కహాలులో నిలువచేసిన చేప నుంచి, పుస్తకము ముట్టనీయక, దినముల తరబడి దానినే చూడుమనెడివాడు. ఈ పద్ధతి మన పరీక్షలకు పనికిరాదు గాని, దానితో గొప్ప శాస్త్రజ్ఞులు తయారైరి.

ఆ వేసవి గడచిన మరుసటియేడే, 1859లో, డార్విను గ్రంథము వెలువడెను. ప్రాచీన మత్స్యముల క్రమమును రాళ్లలో చదివిన అగాసీయే, ఒక జాతినుండి మరియొకటి పుట్టునన్న మాటను త్రోసిపుచ్చెను. ఇంతగా చూచిన కన్నులకు అది ఏల కానరాలేదో! ప్రతి జాతియు దైవసంకల్పమను విశ్వాసము అడ్డునిలిచెను. పట్టు విడువకయే 1873లో మరణించెను. ఆయనవద్ద చూచుట నేర్చిన శిష్యులు పెక్కురు అప్పటికే పరిణామవాదుల పక్షము చేరిరి.